నలభై సెకన్ల మౌనం

వకుళకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మొగుడి చొక్కాకి గుండీ ఊడితే ఇంకో చొక్కా తీసి ఇస్తుందే తప్ప, పెళ్లైన పధ్నాలుగేళ్లలో సూది పట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున్నే బీరువాలోంచి మూడు పాత చీరలు లాగి, ముందుగదిలో ఒకదాని మీద ఒకటి పరిచి, కాఫీ కూడా తాగకుండా కూర్చుని బొంత కుట్టడం మొదలుపెట్టింది.

ఎరువుల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని రెండింటికి ఇంటికొచ్చిన విశ్వం చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్లీ ఏవిటే అది?"

"బొంత."

"బొంతేనని కనపడుతూనే ఉంది. ఎందుకూ అని?"

వకుళ తలెత్తి చూసింది. అడిగింది మొగుడో, వీధిలో పోయే మనిషో తెలియనట్టుంది ఆ చూపు. "కుట్టాలనిపించింది," అంది.

"తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికొకడు. వాడు నయం, ఏదో ఒక కారణం చెప్పేడు," అని విశ్వం లోపలికెళ్లి గిన్నెల మీద మూతలు తీసి చూసుకున్నాడు. అన్నీ ఖాళీ. బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి వచ్చి ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "నెల రోజుల్లో ఇది నాలుగోది వకుళా. మొదటి మూడూ నువ్వే విప్పేశావు. డాక్టరు దగ్గరకి వెళ్దామా?"

అదీ నిజమే. జానెడు కుట్టేసరికి, ఇది కాదు, ఈ బట్ట కాదు అనిపించేది. ఏ బట్టో మాత్రం తెలిసేది కాదు. కసిగా విప్పేసేది. మర్నాడు మళ్లీ లోపల ఏదో లాగేది. అది ఆకలి కాదు, దిగులు కాదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి వీధిలోకి వచ్చేసిన మనిషికి మధ్యదారిలో తట్టే కంగారులాంటిది. పాలు ఏ పొయ్యి మీద పెట్టింది, ఎవరింట్లో పెట్టింది? అదే అంతుపట్టడం లేదు.

పోనీ ఎవరికైనా చెప్పుకుందామంటే సిగ్గు. ఎందుకంటే ఆ కంగారు సంగతి వకుళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. దాన్ని ఒక మనిషిలోంచి తీసి ఇంకో మనిషిలో పెట్టే యంత్రాన్ని కనిపెట్టిందే ఆమె మరి!

దానికి పూనిక అని పేరు పెట్టారు. చెవి వెనక నుంచి నుదుటి దాకా వచ్చే ఓ పట్టీ, దానికో చిన్న దీపం, అంతే. మనుషులు ఎవరిళ్లలో వాళ్లుండి, ఎవరికి వీలైన వేళల్లో వాళ్లు, అందరూ కలిసి ఒకే పని చేయడం ఎలాగో తేల్చడానికే కాకినాడలో వాళ్ల పరిశోధన కేంద్రం పుట్టింది. పరీక్ష కోసం ఎంచుకున్న పని, సముద్రం మీదికెళ్లిన చేపల బోట్లకి ఆపదొస్తే దారి చెప్పడం. దానికి ఆఫీసు లేదు, కుర్చీ లేదు. అయినా అందరూ దాన్ని 'బల్ల' అనేవారు. ఆ లేని బల్లని నలుగురు పంచుకున్నారు. వకుళ, తునిలో రెహానా, ఉప్పాడలో పోలిరాజు, జగన్నాథపురంలో పేర్రాజుగారు. పేర్రాజుగారు రేవులో వైర్‌లెస్ ఆపరేటరుగా ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరైన పెద్దమనిషి. వకుళ ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేది.

మొదటి ఏడాది పూనిక లేకుండా, ఒకరికొకరు రాసిచ్చుకుంటూ నడిపారు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు సగం సంగతి దారిలోనే జారిపోయేది. దిగినవాళ్లకి దిగిన సుఖం లేదు. రెహానా ఓసారి చంటిదానికి స్నానం చేయిస్తూ చేయిస్తూ, గాలి ఏ పక్కకి తిరిగిందో అని ఆలోచనలో పడి, పిల్లకి సబ్బు కడగకుండానే ఒళ్లు తుడిచేసింది. ఇంట్లో కూర్చుని పనిచేసుకోవచ్చని మురిసిపోతే, ఇల్లంతా పనైపోయి కూర్చుంది. వకుళకీ అంతే, విశ్వం ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే చెవిలో బోటు ఇంజనే మోగేది. అదిగో, ఆ బాధలోంచే పూనిక పుట్టింది.

అది ఎంత చక్కగా పనిచేసేదంటే, కిందటి నెల పదకొండో తారీఖున ఇలా జరిగింది. పొద్దున్న పదింటికి వకుళ బల్ల మీద ఉండగా ఓ బోటు పిలిచింది.

"అమ్మా, ఇంజను ఆగిపోయిందమ్మా. గాలి లోపలికి తోసేత్తంది!"

వకుళ గాలి చూసుకుంది, నీటి వాలు చూసుకుంది, దగ్గర్లో ఏ బోటుందో వెతికింది. "కంగారుపడకు. లంగరు వెయ్యి. వేశాక నీ ఎడం చేతి వైపు..." అంటుండగా ఆమె వేళ అయిపోయింది. కేంద్రంలో మీటింగు ఉంది. పట్టీ మీద దీపం మిణుకుమిణుకుమంది. నలభై సెకన్లకి ఆకుపచ్చగా వెలిగింది. అక్కడ జగన్నాథపురంలో పేర్రాజుగారు పట్టీ సర్దుకుని, ఆగిన చోటు నుంచే అందుకున్నారు. "ఎడం చేతి వైపు నీలం జెండా బోటు కనపడుతుంది చూడు. అది మనదే. తాడు సిద్ధం చేసుకో." వకుళ నాలుక చివర ఉన్నవి సరిగ్గా అవే మాటలు. మాటలతోపాటు ఆ ఆదుర్దా కూడా ఆయనకే వెళ్లిపోయింది. వకుళ హాయిగా చీర మార్చుకుని మీటింగుకి వెళ్లింది. బోటు సంగతి గుర్తుండకపోలేదు. గుర్తుంది, లాగడం మాత్రం లేదు.

అంతా బాగానే ఉంది కానీ ఒక్క నిబంధన ఉంది. ఆ నలభై సెకన్లూ నోరు మెదపకూడదు, పని తప్ప ఇంకేదీ తలచుకోకూడదు. ఎందుకంటే ఆ కాసేపట్లో మనసులో ఏ సగం పని కదిలినా పట్టీ పట్టేసుకుంటుంది. అది బోటు పనా, ఇంటి పనా అని దానికి తెలీదు. అలాగని ఎర్ర అక్షరాలతో రాసిపెట్టింది వకుళే.

రాశారు సరే! గోదావరి జిల్లాల్లో ఇద్దరు మనుషులు ఎదురుపడ్డాక, తెర మీదైనా సరే, ఏం కూర అని అడగకుండా నలభై సెకన్లు మొహమొహాలు చూసుకుంటూ కూర్చోవడం జరిగే పనేనా? మొదటి వారం అందరూ బిగబట్టారు. రెండో వారం పేర్రాజుగారు ఆగలేక "ఏం కూరమ్మా?" అనేశారు. వకుళ నవ్వి జవాబు చెప్పింది. దీపం ఎప్పటిలాగే ఆకుపచ్చగా వెలిగింది, బోటు సంగతి ఒక్క ముక్క జారిపోలేదు. ఇంకేం, అదే అలవాటైంది. ఎర్ర అక్షరాలు రాసిన మనిషే రోజూ కూర చెప్పడం మొదలుపెట్టింది.

నాలుగు నెలల పరీక్ష బ్రహ్మాండంగా పూర్తయింది. ఒక్క బోటూ పోలేదు, నలుగురూ కంటినిండా నిద్రపోతున్నారు. సోమవారానికి నివేదిక పంపమన్నారు డైరెక్టరుగారు. అది వెళితే వచ్చే ఏడు పదివేలమంది తలలకి పట్టీలు ఎక్కుతాయి.

ఆ సోమవారానికి ముందు ఆదివారమే వకుళ నాలుగో బొంత ముందేసుకుని కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. తెర మీద 'అక్క' అని ఉంది. ఆ పేరు అక్కడ కనపడి ఆరేళ్లయింది.

అక్క పేరు భూలక్ష్మి. ఉండేది పెద్దాపురంలో. తల్లి పోయేనాటికి ఆవిడకి పదహారు, వకుళకి ఎనిమిది. చదువు ఆపి కుట్టుమిషను ముందు కూర్చుంది. జాకెట్లు కుట్టి చెల్లెల్ని పెంచింది, చదివించింది. పెళ్లి మాటొస్తే 'దాని చదువు కానియ్యండి' అని దాటేస్తూ వచ్చి, చివరికి ఆ మాటెత్తేవాళ్లే లేకుండా చేసుకుంది. ఆరేళ్ల కిందట వకుళకి కాకినాడలో పెద్ద సభ పెట్టి సన్మానం చేశారు. వేదిక మీద వకుళ గురువుగారి పేరు చెప్పింది, విశ్వం పేరు చెప్పింది, ల్యాబులో టీ ఇచ్చే మనిషి పేరు కూడా చెప్పింది. మూడో వరసలో కూర్చున్న అక్క పేరు చెప్పలేదు. భూలక్ష్మి అక్కడి భోజనం ముద్ద మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, బస్సెక్కి వెళ్లిపోయింది. అప్పట్నుంచి మాటల్లేవు.

"వకుళా!" అంది భూలక్ష్మి. "ఆరేళ్లకి మనిషిని పంపించేవు కదే! నువ్వే రావచ్చు కదా, మొద్దూ!"

"ఎవర్ని పంపేనక్కా?"

"నా దగ్గరా నీ నాటకాలు? పేర్రాజుగారని పెద్దాయన. గురువారం వచ్చేరు. ఇచ్చిన మజ్జిగ ముట్టలేదు. అరుగు మీద కూర్చుని ఒకటే ఏడుపు. టేపు సంగతి చెప్పేరే."

టేపు సంగతి విశ్వానికి కూడా తెలీదు.

ఆ రోజు భూలక్ష్మి ఎవరివో పెళ్లి జాకెట్లు ముగించి, మిషను మీంచి లేచి, పట్టుచీర చుట్టుకుని పరుగున బస్సెక్కింది. మెళ్లో కొలతల టేపు తియ్యడం మరిచిపోయింది. పట్టుచీర మీద పచ్చటి టేపు వేలాడుతుంటే వెనక వరసవాళ్లు ఒకళ్లనొకళ్లు పొడుచుకుని నవ్వుకున్నారు. వకుళ వేదిక మీంచి అది చూసింది. అదిగో మా అక్క అంటే సభంతా ఆ టేపు వైపే తిరుగుతుంది. పేరు పెదవి దాకా వచ్చింది, మింగేసింది. తర్వాత, అయ్యో మరిచిపోయాను అని అందరితోనూ అంది. అప్పట్నుంచి ఆరేళ్లూ, అన్నం తింటూ, బస్సులో కూర్చుని, బల్ల దిగాక, వెళ్లి అక్కకి నిజం చెప్పాలి అనుకోని రోజు లేదు.

ఆరేళ్లు అనుకున్న మనిషి ఈ నెల రోజులుగా ఒక్కసారీ అనుకోలేదు. ఆ సంగతి వకుళకి ఇప్పుడే, ఫోను చెవి దగ్గర ఉండగానే తెలిసింది.

"నువ్వు టేపు చూసే నా పేరు మింగేవని నాకు అప్పుడే తెలుసే," అంటోంది భూలక్ష్మి. "బస్సులో టేపు చేతికి తగిలినప్పుడే తెలిసింది. మరిచిపోయానని అబద్ధం ఆడేవు చూడు, అదే నా కోపం. పోనీలే, నిజం చెప్పించేవు, అయిపోయింది. రేపు రా. భోజనం ఇక్కడే."

వకుళ లోపలంతా వెతుక్కుంది. ఏడుపు రావాలి కదా! ఆనందంతో గంతులెయ్యాలి కదా! పక్కింటావిడ తప్పిపోయిన పిల్లి దొరికిందని చెబితే 'పోన్లెండి, మంచిదే' అంటామే, అంతకు మించి ఏమీ దొరకలేదు.

"అలాగే అక్కా, వస్తాను," అంది.

బల్ల మీద మాట్లాడిన ప్రతి మాటా దాచి ఉంటుంది. అక్క మాట ఎప్పుడొచ్చిందా అని వెతుక్కుంటూ వెళ్లి వకుళ పదకొండో తారీఖు తెరిచి వింది. బోటు మాట సగంలో ఆగి, దీపం మిణుకుమనే వేళ, పేర్రాజుగారి గొంతు.

"ఏం కూరమ్మా?"

"పనసపొట్టు, ఆవ పెట్టి చేశాను బాబాయిగారూ. ఎన్నిసార్లు చేసినా మా అక్క చేసినట్టు రాదు."

ఆ తర్వాత చిన్న నిట్టూర్పు. అది తనదే. ఇక తన బొంత సంగతి ఏమిటని ముందుకి వెళ్లింది. పధ్నాలుగో తారీఖున, ఆయన దిగి తను ఎక్కే వేళ.

"మీదేం కూర బాబాయిగారూ?"

"వంకాయమ్మా. మీ పిన్నిగారి బొంత పక్కన పెట్టి ఇప్పుడే వండాను."

వకుళ సూది కింద పడేసి లేచింది. "రాత్రి అన్నం నువ్వు తినెయ్," అని విశ్వానికి చెప్పి, రెండు పట్టీలు సంచిలో వేసుకుని, జగన్నాథపురం ఆటో ఎక్కింది.

పేర్రాజుగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జ్వరం దిగిన మర్నాటి మనిషిలా తేటగా ఉన్నారు. వకుళని చూడగానే ముఖం దించేసుకున్నారు.

"తిడతావని తెలుసమ్మా. నాకు అక్కలూ చెల్లెళ్లూ లేరు. ఉన్నట్టుండి మా అక్కకి ద్రోహం చేశాననిపించింది. మూడు వారాలు ముద్ద దిగలేదు. వయసు మీద పడి మతి పోతోందనుకున్నాను. పెద్దాపురం వెళ్లి, అరుగెక్కి, అక్కా అని పిలిచాక చూద్దును కదా, ఆవిడ నాకంటే చాలా చిన్నది! అప్పుడు అర్థమైంది, ఇది నా ఏడుపు కాదు, మా వకుళమ్మదీ అని."

"అప్పుడైనా ఆగలేకపోయారా? నాకో ఫోను కొట్టలేకపోయారా?"

"నోటిదాకా వచ్చేసిందమ్మా. నువ్వు ఆరేళ్లు మోశావు, నేను మూడు వారాలకే చతికిలబడ్డాను. చెప్పేశాను. చెప్పాక ఎంత హాయిగా ఉందనుకున్నావు!"

వకుళకి చివుక్కుమంది. అసూయ వేసింది. ఆ హాయి తనది. ఆరేళ్లు తను ఎండలో నిలబడితే నీళ్లు ఈయన తాగేశాడు.

"నాది నాకు ఇచ్చెయ్యండి," అంది పట్టీ చేతికిస్తూ.

ఆయన బుద్ధిగా పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. భూలక్ష్మిని తలచుకున్నారు, టేపుని తలచుకున్నారు. దీపం ఎర్రగా వెలిగింది. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ ఎరుపే. వకుళకి తెలియనిదేం కాదు. పూనిక సగం పనినే పట్టుకుంటుంది. పూర్తయిన పనికి అది పలకదు. తెలిసి కూడా మూడోసారి ప్రయత్నించమంది. ఎరుపే.

"పోనీలెద్దూ, మంచే జరిగింది కదమ్మా!" అన్నారాయన బిక్కమొహం వేసి.

మంచే జరిగింది. అక్క క్షమించింది. మరి నేనెక్కడున్నాను అందులో? వకుళ లేచింది. మంచినీళ్ల కోసం లోపలికెళ్లింది.

కిటికీ పక్కన ట్రంకుపెట్టె మీద ఓ బొంత మడిచి ఉంది. లేతాకుపచ్చ నేత చీరలు, అంచుల్లో సన్నటి గళ్లు. గుచ్చిన సూది గుచ్చినట్టే ఉంది. వకుళ చెయ్యి దానంతటదే వెళ్లి దాని మీద పడింది. ఈ బట్టే. నెల రోజులుగా వేళ్లు వెతుక్కున్న బట్ట ఇదే!

"సుభద్ర మొదలుపెట్టింది," పేర్రాజుగారు వెనకే వచ్చి అన్నారు. "జ్వరంలో కూడా కుట్టేది. ఇంత ముక్క మిగిలిపోయింది, తను వెళ్లిపోయింది. రెండేళ్లయింది. రోజుకి రెండో మూడో కుట్లు నేనే వేస్తూ వచ్చాను. అవిగో, ఆ వంకరటింకరవి నావే. ఈ మధ్య దాని జోలికి వెళ్లబుద్ధి కావడం లేదు. రెండేళ్లు దాటింది కదా, దుఃఖం అరిగిపోయిందేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, తేలిగ్గానే అనిపించింది. తర్వాత సిగ్గేసింది."

"అరిగిపోలేదు బాబాయిగారూ," అంది వకుళ. "మా ఇంట్లో ఉంది."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి కూర్చున్నారు. బేరం తేల్చేసినట్టు అన్నారు.

"మా నాన్న రోజుల్లో బదులు పనులని ఉండేవమ్మా. ఇవాళ మీ ఊడుపులకి మేమొస్తాం, రేపు మా ఊడుపులకి మీరు రావాలి. అంతే లెక్క. నీ పని నేను చేసేశాను. నా పని నువ్వు చేసెయ్. జానెడే ఉంది. కుట్టెయ్యమ్మా!"

వకుళ సూది అందుకుంది. ఒక కుట్టు వేసింది. అబ్బ, ఎంత సుఖం! రెండు వేసింది, మూడు వేసింది. విప్పాలనిపించలేదు. ఒక్క అరగంట కూర్చుంటే చాలు, ఈ కంగారు తీరిపోతుంది. రేపట్నుంచి తన ఇంట్లో తను వంట చేసుకోవచ్చు. నాలుగో కుట్టు దగ్గర ఆమె చూపు వెనక్కి పోయింది. సుభద్రమ్మ కుట్లు బియ్యపు గింజల్లా వరసగా ఉన్నాయి. ఆ తర్వాత రెండేళ్ల పొడుగునా పేర్రాజుగారివి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ. చివర తనవి నాలుగు.

"ఇది నేను ముగిస్తే మీకేం మిగులుతుంది బాబాయిగారూ?"

"ఏమీ మిగలదు. హాయిగా ఉంటాను."

"నేనూ హాయిగానే ఉన్నాను. ఆరేళ్ల తర్వాత అక్క ఫోను చేసి రమ్మంది. నా కంట నీటిచుక్క రాలేదు. ఎవరింట్లోనో పేరంటం జరిగితే నాకు పసుపు కుంకుమ పంపించినట్టుంది."

పేర్రాజుగారు బొంత కేసి చూశారు. "తిరిగి తీసుకుంటే మళ్లీ నొప్పి ఉంటుందా?"

"ఉంటుంది."

"సుభద్ర కూడా తిరిగొస్తుందా?"

"తెలీదు బాబాయిగారూ," అంది పూనిక కనిపెట్టిన మనిషి.

ఆయన చెయ్యి చాచి పట్టీ తీసుకున్నారు. వకుళ ముందు తన నాలుగు కుట్లూ విప్పేసింది. తర్వాత రెండో పట్టీ తను పెట్టుకుంది. దీపం మిణుకుమంది. ఇద్దరూ ఎదురెదురుగా నేల మీద కూర్చున్నారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏం కూరమ్మా?"

"వంకాయ బాబాయిగారూ. పిన్నిగారి బొంత పక్కన పెట్టి ఇప్పుడే వండాను."

దీపం ఆకుపచ్చగా వెలిగింది. వకుళ ఒళ్లో ఉన్నది ఉత్త బట్టైపోయింది. కళ్లు తిప్పుకుంటే మరిచిపోయేటంత మామూలు బట్ట. పేర్రాజుగారు దాన్ని లాక్కుని మొహానికి అదుముకుని, "ఓసి నీ! ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ!" అని భోరుమన్నారు. వకుళ లేచి, కుండలోంచి నీళ్లు ముంచి ఆయన పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. వచ్చేస్తూ కిటికీలోంచి చూస్తే, ఆయన కళ్లు తుడుచుకుంటూ సూదిలో దారం ఎక్కిస్తున్నారు.

సోమవారం పొద్దున్నే వకుళ డైరెక్టరుగారికి నివేదికకి బదులు, పరీక్ష ఆపేస్తున్నానని నాలుగు వాక్యాలు రాసి పంపింది. రెహానాకీ పోలిరాజుకీ పట్టీలు తీసెయ్యమని, ఇకనుంచి పాత పద్ధతిలో రాసిచ్చుకుందామని చెప్పింది. ఎవరిది ఎవరి దగ్గర చిక్కుకుందో కూర్చుని తేల్చాలి. తలచుకుంటేనే భయమేస్తోంది. అయినా ముందు పెద్దాపురం వెళ్లాలి. ఎందుకు వెళ్లాలో మాత్రం తెలియలేదు. వస్తానని మాటిచ్చింది కాబట్టి బస్సెక్కింది.

భూలక్ష్మి వీధిలోకి ఎదురొచ్చి వాటేసుకుంది. మెళ్లో టేపు అలాగే ఉంది. "చిక్కిపోయేవే," అంది. "రా, కాళ్లు కడుక్కో. పీట వేసేశాను." ఇంట్లో ఆవ పెట్టిన వాసన గుప్పుమంటోంది.

అబద్ధమాడితే సరిపోయేది. నాలుగు కన్నీటిబొట్లు రాల్చి, అన్నం తిని, సాయంత్రం బస్సుకి వచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఈ ఇంట్లో ఒక అబద్ధానికే ఆరేళ్లు పట్టింది. వకుళ గడప మీదే కూర్చుంది.

"అక్కా, పేర్రాజుగారిని నేను పంపలేదు," అని మొదలుపెట్టి పట్టీ, దీపం, పనసపొట్టు, బొంత, అన్నీ చెప్పింది. భూలక్ష్మి మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యకుండా వింది. విన్నాక ఒకటే అడిగింది.

"అంటే, ఇప్పుడు నాకు చెప్పాలని నీకేమీ లేదా?"

"నువ్వంటే ఇష్టం ఎక్కడికీ పోలేదక్కా. నువ్వు జడ వెయ్యడం, అన్నం కలిపి పెట్టడం, అన్నీ గుర్తే. ఆ ఒక్కటే లేదు. చెప్పమంటే చెబుతాను. ఎక్కాలు అప్పజెప్పినట్టుంటుంది."

"వద్దు, చెప్పకు."

భూలక్ష్మి మిషను ముందుకెళ్లి కూర్చుంది. సగం కుట్టిన జాకెట్టు చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టేసింది. టేపు చుట్టింది, విప్పింది. చివరికి లేచింది.

"పద."

"ఎక్కడికి?"

"మీ ఊరికి. నేను నిన్ను క్షమించలేదు."

"అక్కా! నిన్న ఫోనులో..."

"నిన్న క్షమించింది ఆ పెద్దాయన్ని. ఆయనంటే నాకేం కోపం లేదు, నిక్షేపంగా ఉండమను. నీ మీద కోపం నీ మీద అలాగే ఉంది. ఆరేళ్లదే, ఎవరో వచ్చి ఏడిస్తే కరిగిపోవడానికి అదేమైనా ఉప్పా?" టేపు మళ్లీ మెళ్లో వేసుకుంది. సర్దుకుంది. "నీకై నీకు చెప్పాలని లోపల్నుంచి అనిపించిన రోజున రా."

"అనిపించకపోతే?"

"అనిపించేదాకా నా కోపం కాపలా కాసుకుంటాను. నాకేం తొందర? మిషనుంది, పనుంది." చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా వాకిట్లోకి తోసింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"అన్నం కూడా పెట్టవా?"

"పెట్టను. ఫో!"

ఆ ఇంట్లో అన్నం పెట్టనన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా ఇంత మజ్జిగన్నం కలిపిపెట్టే మనిషి ఆవిడ. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక వకుళ కాసేపు వాకిట్లోనే నిలబడింది. కోపం తెచ్చుకోవాలో, ఏడవాలో, నవ్వాలో తెలియలేదు. బస్టాపు వైపు నడిచింది. ఎండ మండిపోతోంది. కడుపులో ఆకలి. అక్క వెళ్లగొట్టింది. తప్పు ఎవరిది? కోపం ఎందుకు? అంతా అల్లిబిల్లిగా ఉంది.

కాకినాడ బస్సు వచ్చి ఆగింది. వకుళ మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

ఆవ పెట్టిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది. పనసపొట్టా? అరటికాయా? కందా? అడగలేదు. ఆరేళ్ల తర్వాత అక్క గడప తొక్కి, తన కోసం అక్క వండిన కూర ఏమిటో కూడా అడగకుండా వచ్చేసింది!

"ఎక్కండమ్మా, ఎండలో ఆపేశారు," అన్నాడు కండక్టరు.

లోపల ఎక్కడో సన్నగా లాగింది. చాలా చిన్నది. పట్టీ లేదు, దీపం లేదు, ఎవరూ ఇచ్చిందీ కాదు. వకుళ మెట్టు మీంచి కాలు తీసి కింద పెట్టింది.